కళ్లెం బ్రేకు కాదు

మొన్న రాత్రి తుక్కుగూడలో శ్రీశైలం రోడ్డు మీద బరాత్ వల్ల బండి ఆపాల్సొచ్చింది. పెళ్లికొడుకుని మోస్తున్న గుర్రం నోరు తెరుచుకుని, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంచి నిలబడింది. "ఎంత బుద్ధిగా ఉందో చూడండి" అన్నాడు పక్క బండాయన. బుద్ధి కాదండీ, నొప్పి!

గుర్రం నోట్లో ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది. కళ్లెం కడ్డీ ఆనేది అక్కడే, నాలుక మీదా చిగురు మీదా. లాగితే తల వంగుతుంది, నిజమే. కానీ అది ఒప్పుకోవడం కాదు, తప్పించుకోవడం. ఒప్పించడం వెనక కాళ్ల నుంచి మొదలవ్వాలి. రౌతు కాలితో నొక్కితే గుర్రం వెనక కాళ్లు బలంగా వేసి ముందుకొస్తుంది. చేతులు పగ్గం సడలకుండా, దాని తల కదలికతో పాటే వెళ్లాలి. దవడ మెత్తబడ్డ క్షణంలోనే పట్టూ మెత్తబడాలి. అప్పుడు గుర్రమే కళ్లేన్ని వెతుక్కుంటుంది. దీనికి నెలలు పడుతుంది. పగ్గం మీద వాలి పరిగెత్తడానికి అలవాటుపడ్డ పందెం గుర్రానికైతే ఇంకా ఎక్కువ.

ముళ్ల కళ్లేల్ని మన దేశంలో 1965 నిబంధనల్లోనే నిషేధించారు. మామూలు కళ్లేన్ని మొరటుగా లాగే చేతిని మాత్రం మనమే ఆపాలి. మీ పెళ్లికి గుర్రం మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే కాదు, దాని నోరు కూడా చూడండి.