చెట్టునీడకు అడవిపూలు

పెరటిలో పెద్ద మామిడిచెట్టు ఉన్నవారు తరచు ఒక మాట అంటూంటారు: దాని క్రింద పూలమొక్క ఏదీ బ్రతకదని. అది గులాబీనీ బంతినీ నాటి చూచినవారి అనుభవం. అవి రెండూ ఎండను కోరే మొక్కలు. మన అడవులలో పెద్ద చెట్ల చాటునే పుట్టి, అక్కడే పూచే మొక్కలు అనేకం ఉన్నాయి. వాటిని ఎంచుకొన్నప్పుడు నీడ లోపం కాదు, వసతి.

వాటిలో ఒకటి అందరికీ తెలిసినదే. జడలలో తురుముకొనే కనకాంబరం దక్షిణ భారతదేశానికీ, శ్రీలంకకూ చెందిన మొక్క. కొమ్మల సందులనుండి జల్లెడ పట్టినట్లు పడే వెలుతురు దానికి చాలును. ఎండిన కాయకు తడి తగలగానే అది చిట్లి గింజలను దూరంగా విసురుతుంది. అందుచేతనే వానల తరువాత తల్లిమొక్క చుట్టూ ఎవరూ నాటని మొలకలు కనిపిస్తాయి. ఢిల్లీ కనకాంబరం మాత్రం గింజ కట్టదు; దానిని కొమ్మలు నాటి పెంచుకోవాలి.

కొండకలువ స్వభావం వేరు. దీనినే భూమిచంపకమనీ అంటారు. చైత్ర వైశాఖాలలో ఆకైనా లేని నేలనుండి తెలుపు, ఊదా రంగులు కలిసిన సువాసన గల పూలు నేరుగా పైకి వస్తాయి. ఆకులు ఆ తరువాత వచ్చి, వానకాలమంతా ఉండి, చలికాలానికి వడలిపోతాయి. మొక్క చచ్చిపోయినదని భ్రమించి చాలామంది అప్పుడే ఎక్కువగా నీరు పోస్తారు. నిద్రించే గడ్డ ఆ తడికి కుళ్ళిపోతుంది. గడ్డ ఉన్నచోట ఒక పుల్ల గుచ్చి, వేసవి వరకు దాని జోలికి పోకుండా ఉండడమే దానికి చేయవలసిన సేవ.

నేల కొంచెం తేమగా ఉండేచోట చెంగల్వకోష్టు నాటవచ్చు. దీని ఆకులు కాండం చుట్టూ మెలికల మెట్లవలె అమరి ఉంటాయి. వానకాలంలో ఎర్రని దొప్పల నడుమ నుండి ముడుతలు పడిన పట్టుగుడ్డ వంటి తెల్లని పూలు వెలువడతాయి.

ఈ మొక్కలన్నిటికీ కావలసిన ఎరువు చెట్టే రాలుస్తుంది. ఆకులను ఊడ్చి తగులబెట్టడం మన పెరళ్ళలో జరుగుతున్న పెద్ద పొరపాటు. వాటిని అక్కడే మాగనిస్తే నేల గుల్లబారుతుంది, తేమ నిలుస్తుంది. నాటేటప్పుడు చెట్టువేళ్ళను నరకక, వాటి సందులలో చిన్న గుంటలు తీయాలి. మొదలు చుట్టూ మట్టి పోగుచేయరాదు. నీడ మరీ చిక్కనైతే క్రింది కొమ్మలు ఒకటి రెండు తీసివేస్తే చాలును.

అందమైనది గదా అని అగ్నిశిఖను, అనగా అడవినాభిని, పిల్లలు తిరిగేచోట నాటకూడదు. దాని దుంపలోను, గింజలలోను ప్రాణాపాయం కలిగించే విషమున్నది.

ఇక మొక్క ఎక్కడినుండి తేవాలన్నది ముఖ్యమైన ప్రశ్న. అడవికి విహారానికి వెళ్ళినవారు గడ్డను పెకలించి సంచిలో వేసుకొని రావడం కద్దు. అది వేళ్ళు తెగి పెరటిలో బ్రతకకపోవచ్చు. అడవిలో మాత్రం దాని చోటు ఖాళీ అయినట్లే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ నీలి వాండా వంటి కొన్ని మొక్కలను అడవినుండి పెకలించడాన్ని నిషేధించినది. చట్టంలో పేరులేని మొక్కకైనా అదే మర్యాద తగును.

గడ్డలను నర్సరీలో కొనవచ్చు, లేదా పెంచుతున్నవారిని అడగవచ్చు. కొండకలువ గుంపు కొన్నేళ్ళకు ఒత్తుగా అల్లుకొంటుంది. ఆకు వడలి గడ్డ నిద్రించే కాలంలో దానిని విడదీసి ఇరుగుపొరుగులకు పంచితే మిగిలినవి మరింత బాగా ఎదుగుతాయి.