యెస్ కొట్టే ముందు ఆ ఒక్క నిమిషం

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఏదైనా సర్వర్‌కి మొదటిసారి కనెక్ట్ అయితే తెర మీద ఓ హెచ్చరిక కనిపిస్తుంది. అవతలున్న యంత్రం అసలుదో కాదో తేల్చుకోలేకపోతున్నానని చెప్పి, దాని కీ వేలిముద్రను చూపించి, ముందుకు వెళ్లమంటారా అని అడుగుతుంది. ఆ వేలిముద్ర 43 అక్షరాల వరస. చూడ్డానికి అర్థం పర్థం లేకుండా ఉంటుంది. చాలామంది దాని జోలికి పోరు. యెస్ అని కొట్టి ఎంటర్ నొక్కేస్తారు. ఫైళ్లు కదలడం మొదలవగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రెండు యంత్రాల మధ్య నడిచేదంతా ఆ ఒక్క యెస్ మీదే ఆధారపడి ఉంటుంది. ఫైళ్లను సింక్ చేసే సాధనాల్లో క్లయింటుకీ సర్వర్‌కీ తొలి కనెక్షన్ ఎంత చిటికెలో కుదిరితే అంత గొప్ప అన్న ధోరణి బాగా పెరిగింది. ఇది ప్రమాదకరమైన ధోరణి అని నా అభిప్రాయం. మిగతా అన్నిచోట్లా వేగం మంచిదే. ఈ ఒక్కచోట మాత్రం సాధనం మనిషిని ఆపాలి, ఎవరితో లంకె కలుపుతున్నాడో చూసుకోమనాలి.

ఎందుకంటే సింక్ సాధనం తీరు వేరు. బ్రౌజర్ ముందు మనిషి కూర్చుని ఉంటాడు, పేజీ తేడాగా కనిపిస్తే మూసేస్తాడు. సింక్‌ను ఒకసారి కుదిర్చి వదిలేస్తే అర్ధరాత్రి కూడా ఎవరినీ అడక్కుండా తన పని తాను చేసుకుపోతుంది. దాని సుగుణం అదే, ముప్పూ అక్కడే ఉంది. రెండువైపులా సింక్ పెట్టుకున్నప్పుడు ఒకచోట తుడిచేసిన ఫైలు రెండోచోటా మాయమవుతుంది. ఒక కంప్యూటర్‌లో రాన్సమ్‌వేర్ దూరి ఫైళ్లన్నిటినీ పనికిరాకుండా చేస్తే, అవే కొత్త ఫైళ్లనుకుని సింక్ వాటిని రెండో కంప్యూటర్‌కీ చేరవేస్తుంది. పాత కాపీలు దాచే ఏర్పాటు విడిగా పెట్టుకోకపోతే వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు. కాబట్టి అవతల ఉన్నది ఎవరు, వాళ్లకు ఏ ఫోల్డర్ వరకు హక్కు ఉంది, చదవడం వరకేనా, రాయడం, తుడిచేయడం కూడానా అన్నవి కనెక్షన్ కుదిర్చే రోజునే తేలాలి. తర్వాత అడిగే సందర్భం రాదు. వచ్చినా అప్పటికే ఆలస్యమవుతుంది.

దీనికి రుజువులు ఆర్‌సింక్ చరిత్రలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మాకెరస్ 1996లో విడుదల చేసిన ఈ సాధనం ఫైలు మొత్తాన్ని పంపకుండా మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది. దాదాపు ముప్ఫై ఏళ్లుగా ప్రపంచవ్యాప్తంగా బ్యాకప్‌లకు ఇదే పెద్ద దిక్కు. దీన్ని ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా నడపవచ్చు, లేదా సర్వర్‌లో దాన్నే ఓ సేవగా తెరిచిపెట్టి 873 నంబరు పోర్టులో వినమనవచ్చు. రెండో పద్ధతిలో ఫైళ్లు గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎవరెవరు రావచ్చో కాన్ఫిగరేషన్ ఫైల్లో రాయకపోతే పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా రావచ్చు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన సౌకర్యం. లినక్స్ పంపిణీల మిర్రర్ల లాంటి, అందరికీ పంచాల్సిన ఫైళ్లకు అది సరిగ్గా సరిపోతుంది. అదే అమరికతో సొంత ఫైళ్లు పెట్టుకుంటే ఏమవుతుందో 2018 జులైలో బయటపడింది. అప్‌గార్డ్ అనే భద్రతా సంస్థ పరిశోధకులకు లెవెల్ వన్ రోబోటిక్స్ అనే ఇంజనీరింగ్ సేవల సంస్థ ఆర్‌సింక్ సర్వర్ కనిపించింది. ఏ ఐపీ అడ్రస్ నుంచి రావాలన్న కట్టడి లేదు, యూజర్ పేరు అడగలేదు. అందులో 157 గిగాబైట్ల డేటా ఉంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, టెస్లా, టొయోటా, ఫోక్స్‌వాగన్ సహా వందకు పైగా కంపెనీలకు సంబంధించిన ఫ్యాక్టరీ ప్లాన్లు, రోబోల అమరికలు, రహస్య ఒప్పందాలు ఉన్నాయి. వీపీఎన్ అనుమతి కోరుతూ నింపిన ఫారాలు కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఒక తెరిచిన తలుపులో మరిన్ని తలుపుల సమాచారం దొరికింది. పైగా ఆ సర్వర్‌లో బయటివాళ్లు ఫైళ్లు రాసే వీలు కూడా ఉన్నట్టు అనుమతులు చూపించాయి. ఆర్‌సింక్ సేవ మామూలుగా చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, రాసే హక్కు ఎవరో ఒకరు ఇస్తేనే వస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలోని ఒక్లహామా రాష్ట్ర సెక్యూరిటీస్ విభాగం సర్వర్‌ ఒకటి ఇలాగే దొరికింది. మూడు టెరాబైట్ల ప్రభుత్వ ఫైళ్లు ఆర్‌సింక్‌తో ఎవరైనా దించుకునేలా ఉన్నాయి. ఈ రెండు చోట్లా లోపలి ఫైళ్లు చూడటానికి ఏ హ్యాకర్ నైపుణ్యమూ అక్కర్లేదు. ఎవరు నువ్వు అని సర్వర్ అడక్కపోవడమే అసలు కారణం.

చదవడానికే కదా ఇచ్చాం, పోయేదేముంది అనేవాళ్లకు 2025 జనవరి జవాబు చెప్పింది. ఆర్‌సింక్‌లో ఆరు భద్రతా లోపాలు బయటపడ్డాయి, 3.4.0 వెర్షన్‌లో వాటిని సరిచేశారు. వాటిలో అన్నిటికన్నా తీవ్రమైనదాన్ని ఇంకొకదానితో కలిపి వాడితే, పేరూ పాస్‌వర్డూ లేకుండా చదివే అనుమతి మాత్రమే ఉన్న వ్యక్తి సర్వర్‌లో తన ప్రోగ్రామ్ నడిపించగలడు. ఎవరు వస్తున్నారో తెలుసుకుని లోపలికి రానిచ్చే సర్వర్లకు ఈ లోపం వల్ల ముప్పు చాలా తక్కువ. తెలియనివాళ్లకు సైతం తెరిచిపెట్టినవాటికే అసలు ముప్పు.

సర్వర్ క్లయింటును గుర్తుపట్టడం ఇందులో సగమే. క్లయింటు సర్వర్‌ను గుర్తుపట్టడం మిగతా సగం. మనం దాదాపు ఎప్పుడూ పట్టించుకోనిది ఇదే. ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలించడంతో, అక్కడి పరిశోధకుడు తాతు యూలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేశాడు. సర్వర్ తన కీని చూపిస్తుంది, క్లయింటు దాన్ని మొదటిసారి రాసిపెట్టుకుంటుంది, ప్రతిసారీ పోల్చి చూసుకుంటుంది. మొదటిసారి చూపించినది అసలు కీ అయితే ఆ తర్వాత మోసగాడికి చోటుండదు. ఈ ఏర్పాటు ఎంత విలువైనదో 2023 మార్చి 24న తెలిసింది. గిట్‌హబ్ ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీ పొరపాటున కొద్దిసేపు బహిరంగ రిపోజిటరీలో కనిపించింది. దాంతో ఆ సంస్థ తన కీని మార్చేసి కొత్త వేలిముద్రను ప్రకటించింది. పాత కీ రాసిపెట్టుకున్న కంప్యూటర్లు ఆగిపోయి, సర్వర్ గుర్తింపు మారిందని పెద్ద అక్షరాలతో హెచ్చరించాయి. అవి ఆగాలి, ఆగాయి. మరి ఇంటర్నెట్‌లో దొరికే ఎన్నో సెటప్ సూచనల్లో ఉండే ఒక ముక్కను కాపీ చేసుకున్నవాళ్ల సంగతేమిటి? హోస్ట్ కీని కచ్చితంగా సరిచూసే ఆప్షన్‌ను నో చేసేయండి, స్క్రిప్టు ఆగకుండా నడుస్తుంది అని చెప్పే ఆ ముక్క వాళ్ల యంత్రాలను ఆగనివ్వలేదు. ఆ రోజు అసలు గిట్‌హబ్ స్థానంలో ఎవరు నిలబడినా అవి వెళ్లి కలిసేవే. మనిషి లేకుండా నడిచే స్క్రిప్టులకు వేరే దారి లేదనడం సరికాదు. సర్వర్ కీని ముందే తెచ్చి క్లయింటులో పెట్టవచ్చు. అది కుదరకపోతే, కొత్త సర్వర్‌ను ఒప్పుకొని, కీ మారిన పాత సర్వర్‌ను మాత్రం తిరస్కరించే ఆప్షన్ 2017 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉంది. అది సగం రక్షణే, అయినా ఏమీ లేకపోవడం కన్నా ఎంతో నయం.

ఈ తలనొప్పంతా మాకెందుకు, గుర్తించే పని సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకూ పెద్ద క్లౌడ్ కంపెనీలకూ వదిలేస్తే చాలదా అన్నది బలమైన అభ్యంతరమే. ఇంట్లో ఫొటోలు దాచుకునేవాళ్లకు ఆ మాట చాలావరకు నిజం కూడా. నెక్స్ట్‌క్లౌడ్ లాంటి సొంత సర్వర్ పెట్టుకున్నవాళ్లకు కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తుంది. కానీ మూడో మనిషి పూచీ కూడా తప్పవచ్చు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ సంస్థలోకి చొరబడినవాళ్లు గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. దాన్ని ఇరాన్‌లో జనం మీద వాడారు. మన దేశమూ దీనికి అతీతం కాదు. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరు మీద గూగుల్ డొమైన్లకు అనుమతి లేని సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ గుర్తించింది. సర్టిఫికెట్ సంస్థల మీద అజమాయిషీ చేసే మన కంట్రోలర్ కార్యాలయం వాటికి ఆధారమైన సర్టిఫికెట్లను రద్దుచేయాల్సి వచ్చింది. క్లౌడ్ విషయానికొస్తే, 2011 జూన్ 19న డ్రాప్‌బాక్స్‌లో ఓ ప్రోగ్రామ్ మార్పు బెడిసికొట్టింది. దాదాపు నాలుగు గంటలపాటు ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఏ ఖాతా అయినా తెరుచుకునే పరిస్థితి ఏర్పడింది. ఈ సంస్థలను వాడొద్దని నేననడం లేదు. గుర్తింపు బాధ్యతను మొత్తంగా ఇంకొకరి చేతిలో పెడితే, వాళ్ల పొరపాటు మనకు కనిపించను కూడా కనిపించదు అంటున్నాను.

ఇంతకన్నా తిన్నగా ఆలోచించిన సాధనాలు ఉన్నాయి. నా దృష్టిలో వాటిలో ముందు చెప్పుకోవాల్సింది 2013లో యాకబ్ బోర్గ్ మొదలుపెట్టిన సింక్‌థింగ్. అందులో ప్రతి యంత్రమూ తన సర్టిఫికెట్‌ను తానే తయారుచేసుకుంటుంది. ఆ సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టిన 56 అక్షరాల గుర్తింపు సంఖ్య దానికి పేరవుతుంది. ఏడేసి అక్షరాల చొప్పున ఎనిమిది గుంపులుగా రాస్తారు. టైపు చేయడంలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి సరిచూపు అక్షరాలు మధ్యలోనే ఉంటాయి. నా దాంట్లో మీ సంఖ్య నేను చేర్చాలి, మీ దాంట్లో నా సంఖ్య మీరు చేర్చాలి. ఒకరే చేర్చితే కనెక్షన్ కుదరదు. ఈ అమరికలో నన్ను బాగా ఆకట్టుకున్నది, యంత్రం ఎక్కడుంది అన్న ప్రశ్ననూ ఎవరిది అన్న ప్రశ్ననూ విడదీసిన తీరు. ఇంటర్నెట్‌లో అవతలి యంత్రం అడ్రస్ వెతికిపెట్టడానికి డిస్కవరీ సర్వర్లు ఉన్నాయి. నేరుగా దారి దొరక్కపోతే మధ్యలో మోసుకుపోయే రిలేలు ఉన్నాయి. వాటిని నమ్మాల్సిన పనే లేదు. అడ్రస్ చెప్పినవాడు అబద్ధమాడినా తలుపు తీసిన మనిషి ముఖం మనకు తెలిస్తే మోసపోనట్టే, అవతలి సర్టిఫికెట్ మన దగ్గరున్న సంఖ్యకు సరిపోకపోతే కనెక్షన్ అక్కడికక్కడే తెగిపోతుంది. రిలే మోసేది గుప్తీకరించిన డేటానే కాబట్టి అది చదవలేదు. ఫోల్డర్ కూడా దానంతట అది రాదు, అవతలివాళ్లు ఒప్పుకోవాలి. పంపడం మాత్రమే, అందుకోవడం మాత్రమే అని ఒక్కో ఫోల్డర్‌కూ విడిగా పెట్టుకోవచ్చు.

ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది, నిజాయితీగా ఒప్పుకోవాల్సిన అభ్యంతరం. 56 అక్షరాలు పోల్చి చూసే ఓపిక మామూలు మనిషికి ఉండదు. విసిగిపోయి పెన్‌డ్రైవ్ తీసుకుంటాడు, లేదా ఫైలును వాట్సాప్‌లో పంపేస్తాడు. అప్పుడు ఉన్న భద్రత కూడా పోతుంది. ఇది జరిగేదే. అయితే దీనికి మందు ప్రశ్నను తీసేయడం కాదు, ప్రశ్నను మనిషికి తగ్గట్టు మార్చడం. సింక్‌థింగ్ అదే సంఖ్యను క్యూఆర్ కోడ్‌గా చూపిస్తుంది. యూపీఐతో కూరగాయలు కొనే దేశంలో క్యూఆర్ స్కాన్ చేయడం ఎవరికీ నేర్పక్కర్లేదు. దూరంగా ఉన్నవాళ్ల కోసం బ్రయాన్ వార్నర్ రాసిన మ్యాజిక్ వార్మ్‌హోల్ అనే సాధనం ఇంకా ముందుకు వెళ్లింది. ఇది సింక్ చేసేది కాదు, ఒకసారి ఫైలు పంపేది. కానీ పరిచయం చేసే పద్ధతి గమనించదగ్గది. ఒక అంకె, రెండు మాటలు ఫోన్‌లో చదివి చెబితే చాలు. మధ్యలో ఎవరైనా ఊహించి ప్రయత్నిస్తే ఆ ఊహ నిజమయ్యే అవకాశం 65,536లో ఒకటి. ఒకసారి తప్పు పడితే ఆ కోడ్ అంతటితో చెల్లదు, కాబట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నించే వీలు లేదు. పొట్టి మాటలతోనే గట్టి గుర్తింపు సాధ్యమని ఇది చూపించింది. కాబట్టి సాధనాలు తయారుచేసేవాళ్లు, వారిలో హైదరాబాద్‌లోనూ బయటి దేశాల్లోనూ పనిచేసే మనవాళ్లు ఎందరో ఉన్నారు, సౌకర్యం కోసం గుర్తింపును బలిపెట్టక తప్పదన్న సాకు చెప్పలేరు.

మధ్యలో దూరే దాడులు అరుదు కదా, ఇంత హడావుడి ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. అరుదే. కానీ పైన చెప్పిన లెవెల్ వన్, ఒక్లహామా సర్వర్ల విషయంలో మధ్యలో దూరేవాడి అవసరమే రాలేదు. పైగా మన ఊళ్లలో ఇప్పుడు సింక్ అవుతున్నవి ఏమిటో చూడండి. ఆడిటర్ ఆఫీసుల్లో క్లయింట్ల పాన్ కార్డులు, ట్యాలీ బ్యాకప్‌లు. డయాగ్నొస్టిక్ సెంటర్లలో రక్తపరీక్షల రిపోర్టులు. స్కూళ్లలో పిల్లల ఆధార్ కాపీలు. ఇవన్నీ వేరేవాళ్ల సమాచారం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. సెట్ చేసిన కుర్రాడు తర్వాత చూసుకుందాంలే అన్నాడని చెబితే చెల్లుబాటయ్యే రోజులు పోయాయి.

ఆఫీసులో ఫైళ్లు సింక్ చేసుకునేవాళ్లకు నా విన్నపం ఇది. మీ కంప్యూటర్లు చూసుకునే మనిషిని పిలిచి, 873 పోర్టు బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉందేమో కనుక్కోండి. బ్యాకప్ స్క్రిప్టుల్లో హోస్ట్ కీ చెకింగ్‌ను నో చేసి పెట్టారేమో వెతికించండి. ఉద్యోగం మానేసిపోయినవాళ్ల కీలు ఇంకా సర్వర్‌లో ఉంటే తీయించండి. బ్యాకప్ కోసం ఇచ్చిన కీ ఒక్క ఫోల్డర్ దాటి పోకుండా కట్టడి చేయించండి, ఆర్‌సింక్‌తోపాటు వచ్చే ఆర్‌ఆర్‌సింక్ స్క్రిప్టు ఉన్నది అందుకే. కొత్త సర్వర్‌కి కనెక్ట్ అయిన రోజున వేలిముద్ర తెర మీద కనిపిస్తే, సర్వర్ దగ్గరున్నవాళ్లకు ఫోన్ చేసి చివరి పది అక్షరాలైనా చదివించుకోండి. సరిపోతేనే యెస్ కొట్టండి.