రోబో ల్యాబుకు తాళం ఎన్నింటికి వేస్తారు?

ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో, లేతు మిషను పక్కనే నా సర్వీసంతా గడిచింది. చదివింది ఐటీఐ టర్నర్, హోదా ల్యాబ్ టెక్నీషియన్. విద్యార్థుల రోబో పోటీల గురించి పెద్ద చదువుల వాళ్లు కృత్రిమ మేధ దగ్గర మొదలుపెట్టి రాస్తుంటారు. అదంతా నాకు తెలియదు. ఆ రోబోలు ఏ గదిలో తయారవుతాయో, ఆ గది ఎప్పుడు మూస్తారో మాత్రం బాగా తెలుసు.

డీడీ రోబోకాన్ అని దూరదర్శన్ పేరు మీద ఒక జాతీయ పోటీ ఉంది. అందులో నెగ్గిన కాలేజీ జట్టు ఏబీయూ రోబోకాన్‌కు, అంటే ఆసియా పసిఫిక్ దేశాల పోటీకి, మన దేశం తరఫున వెళ్తుంది. 2002లో టోక్యోలో మొదలైన ఈ పోటీలో ఏటా ఆట మారిపోతుంది. ఎవరి దేశంలో జరిగితే వాళ్లు తమ ఆటనో పండగనో తీసుకొచ్చి రోబోల ముందు పెడతారు. 2015లో ఇండోనేషియా బ్యాడ్మింటన్ ఆడించింది. 2022లో వంతు ఢిల్లీకి వస్తే మనవాళ్లు ఏడుపెంకులాట ఇచ్చారు. ఒక జట్టు రోబో బంతి విసిరి దొంతర కూలగొట్టాలి, దాని జోడీ తిరిగి పేర్చాలి, అవతలి జట్టు బంతులతో అడ్డుకోవాలి. ఏటా లెక్క కొత్తది కాబట్టి నిరుటి జవాబు పనికిరాదు. ఫైనలియర్ ప్రాజెక్టులా హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కొచ్చే వీలూ లేదు. నాకు ఈ పోటీ మీద గౌరవం అందుకే.

మా పిల్లలు 2017లో ఆడారు. ఆ ఏడు ఆట జపాన్ వాళ్లది. ఎత్తులు వేరువేరుగా ఉన్న ఏడు బల్లలు, ఒక్కోదాని మీద ఒక బంతి. మెత్తటి డిస్కులు విసిరి బంతిని పడగొట్టాలి, డిస్కు బల్ల మీద నిలవాలి. గడువు మూడు నిమిషాలు. మా రోబో విసిరిన డిస్కు ఒకసారి బల్ల దాటిపోయేది, ఇంకోసారి ముందే కూలబడేది. కంప్యూటర్స్ కుర్రాడు ప్రోగ్రాంలో అంకెలు మారుస్తూ కూర్చున్నాడు. బ్యాటరీ దిగేకొద్దీ మోటారు వేగం తగ్గుతుంది, దాన్ని ఎన్‌కోడర్ పెట్టి సరిచేశారు. అయినా డిస్కు వణుకుతూనే పోతోంది. చివరికి డిస్కును విసిరే రోలర్ షాఫ్టు మీద డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పి చూశాను. ముల్లు ఊగింది. షాఫ్టు వంకర. "ప్రోగ్రాం వదిలేసి ఇనుము చూడండర్రా" అన్నాను.

కొత్త షాఫ్టు వాళ్ల చేతనే లేతు మీద తిప్పించాను. మొదటిది సైజు తగ్గిపోయి బేరింగులో వదులుగా ఆడింది, రెండోది బిగువుగా కూర్చుంది. "ఇది ఫస్టియర్లోనే ఎందుకు నేర్పలేదు సార్?" అంది సర్క్యూట్ బోర్డులు చేసే అమ్మాయి. ఏం చెప్పను? ఫస్టియర్ వర్క్‌షాపులో ఆకురాయితో వి-ఫిట్టింగు, రేకుతో గరాటు, చెక్కతో టీ-జాయింటు, మెట్ల లైటుకు రెండు స్విచ్చుల వైరింగు. నేను చేరినప్పుడూ అవే, దిగిపోయినప్పుడూ అవే. రికార్డు రాస్తారు, మార్కులు వేస్తాం. ఆ తర్వాత మెకానికల్ వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ గుమ్మం తొక్కరు. లక్షలు పోసి కొన్న సీఎన్‌సీ మిషనుకు ఎప్పుడూ ముసుగే. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చిన రోజు మాత్రం తీసి తుడుస్తాం.

క్లాసులు నాలుగింటికి అయిపోతే వర్క్‌షాపు ఐదింటికి మూసేవాళ్లం. రాత్రి పనిచేయాలంటే హెచ్‌ఓడీ సంతకం, ప్రిన్సిపాల్ గారి అనుమతి, వాచ్‌మన్ రిజిస్టరు. అవన్నీ కుదిరినా ఆ అమ్మాయి ఆరున్నరకల్లా హాస్టల్లో ఉండాల్సిందే. తీగ ఎక్కడ ఊడిందో మగపిల్లలు వీడియో కాల్లో చూపిస్తే హాస్టల్ మెట్ల మీద కూర్చుని చెప్పేది. పోటీ జరిగే పుణెకు ప్రయాణం కట్టాలంటే, లేడీ లెక్చరర్ తోడుంటేనే పంపుతామన్నారు. తోడు రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో బోర్డు వెళ్లింది, దాన్ని చేసిన మనిషి హాస్టల్లో ఉండిపోయింది.

పుణె బాలేవాడి స్టేడియంలో ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. ఆటకు ముందు ఒక కనెక్టరు ఊడింది. ఆ కేకల్లో, డప్పుల్లో ఫోను వినపడలేదు. ఏ తీగ ఎక్కడిదో మా వాళ్లు తేల్చుకునేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. లీగ్ దశలోనే ఇంటిముఖం పట్టాం. పక్క జట్టులో సీనియర్లు బోల్టులు బిగిస్తుంటే ఫస్టియర్ పిల్లలు పక్కన కూర్చుని ప్రతిదీ నోట్సు రాసుకుంటున్నారు. మాటల్లో తెలిసింది, వాళ్ల వర్క్‌షాపు తాళం ఒకటి జట్టు దగ్గరే ఉంటుందట.

2014లో ఏబీయూ పోటీ మన పుణెలోనే జరిగితే గెలిచింది వియత్నాం. 2015, 2017, 2018లోనూ వాళ్లే. వాళ్ల పిల్లలు మనవాళ్లకన్నా తెలివైనవాళ్లంటే నేను ఒప్పుకోను.

తాళం పిల్లలకిస్తే, ఏదైనా జరిగినప్పుడు ఎవరిది బాధ్యత అని యాజమాన్యాలు అడుగుతాయి. అడగాల్సిందే. లేతు మీద ఇనుమును పట్టి తిప్పే చక్‌లో చున్నీ కొస చిక్కినా మనిషిని లాగేస్తుంది. అందుకే లేతు దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు, చక్ కీ అందులోనే ఉంచి స్విచ్చి వేయకూడదు, ఒంటరిగా ఎవరినీ వదలకూడదు. ఇవి గోడ మీద బోర్డు రాస్తే వచ్చేవి కావు, పక్కన నిలబడి నేర్పాలి. దానికి ఒక టెక్నీషియన్ రాత్రి పదింటిదాకా ఉండాలి, అతనికి ఓవర్‌టైము ఇవ్వాలి. అక్కడే వస్తుంది చిక్కు. మేం పుణె నుంచి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టి ఉంది, అందులో ఛైర్మన్ గారి ఫొటో రోబో కంటే పెద్దది. బేరింగుల బిల్లు పెడితే మూడు కొటేషన్లు తెమ్మన్నారు.

నేను రిటైరయ్యాక నా పోస్టు భర్తీ చేయలేదు. అడ్మిషన్ల బ్రోషర్లో మాత్రం రోబోటిక్స్ ల్యాబు ఫొటో రంగుల్లో వేశారు. కౌన్సెలింగుకు వెళ్లే తల్లిదండ్రులు ప్యాకేజీల సంగతి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఆ ల్యాబు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో, అందులో పనిచేసే ఆడపిల్లకు హాస్టల్ గేటు ఎన్నింటిదాకా తీస్తారో కూడా అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి.