ఉమ్మడి టీకా, బీరువాలో ఒప్పందం

జీడిమెట్లలో ఓ మందుల కంపెనీకి ఒప్పందాలు రాస్తూనే నాకు తల నెరిసింది. రెండు సంస్థలు కలిసి కనిపెట్టిన మందు ఎవరిదన్న ప్రశ్న నా బల్ల మీదకు ఎప్పుడూ గొడవ ముదిరాకే వచ్చేది.

కొవిడ్ టీకా కొవాగ్జిన్‌నే చూడండి. పుణె వైరాలజీ సంస్థ వేరుచేసిన వైరస్‌ను 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కు ఇచ్చింది. టీకా శక్తిని పెంచే పదార్థం అమెరికాలో కాన్సస్‌కు చెందిన వైరోవ్యాక్స్‌ది. అమ్మకాలపై ఐసీఎంఆర్‌కు 5 శాతం రాయల్టీ. 2021 జనవరి 3కల్లా అత్యవసర అనుమతి కూడా వచ్చేసింది. తీరా చూస్తే పేటెంట్ దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరే లేదు! ఒప్పందం రహస్య పత్రం కాబట్టి ఆ సమయానికి అందుబాటులో లేదని, కావాలని చేసింది కాదని, ఐసీఎంఆర్‌నూ సహ యజమానిగా చేరుస్తున్నామని 2024 జూన్‌లో కంపెనీ ప్రకటించింది.

చాలామందికి ఈ మాట సాకులా తోచింది. నాకు మాత్రం తోచలేదు. మా దగ్గరా సంతకాలైన సాయంత్రమే ఒప్పందం లీగల్ వాళ్ల బీరువాలోకి వెళ్లిపోయేది. తన నోటుబుక్కులో రాస్తున్న ఫలితం మనదా, అవతలివాళ్లదా, ఉమ్మడిదా అని ల్యాబ్‌లో పిల్ల అడిగితే, ‘నీకెందుకమ్మా అవన్నీ’ అనేవారు. తాళంచెవి ఉన్నాయన సెలవు పెడితే నాక్కూడా దిక్కులేదు.

అదే భారత్ బయోటెక్ రోటావైరస్ టీకా రోటావ్యాక్ కూడా చేసింది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల నుంచి దొరికిన 116ఈ రకం వైరస్ దానికి మూలం. బయోటెక్నాలజీ శాఖ, స్టాన్‌ఫర్డ్, అమెరికా ప్రభుత్వ సంస్థలు, ‘పాత్’ అనే స్వచ్ఛంద సంస్థ ఇలా ఎన్నో చేతులు పడ్డాయి. టీకా మార్కెట్లోకి వచ్చేసరికి 2015 అయింది. మరుసటేడు ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదట అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే మాటిచ్చింది. నాకు నచ్చింది అదే. ధర బహిరంగంగా తేలిపోయాక, మిగతా బేరాలు ఏవైనా దానికి లోబడే సాగాలి కదా.

యాజమాన్యం సంగతీ అలాగే ముందే తేలాలి. ఎవరు ఏం తెచ్చారు, నేటి నుంచి పుట్టేదాంట్లో ఉమ్మడి ఏది, పేటెంట్‌పై ఎవరి పేర్లుండాలి అన్నవి ఒక్క పేజీలో రాసి ల్యాబ్ గోడకు అంటించాలి. డబ్బు లెక్కలు కావాలంటే దాచుకోండి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ భాగస్వామి అయితే మాత్రం ఆ పేజీ జనానికీ కనబడాలి. పోటీదారులు చూస్తారన్న వాదన నాకు ఎక్కదు. పేటెంట్ ఎలాగూ బయటపడేదే. ఐసీఎంఆర్ ఇకపై చేసుకునే ప్రతి ఒప్పందంలో ఇంకో షరతు పెట్టాలి: దరఖాస్తు ముసాయిదా 30 రోజుల ముందే భాగస్వామికి చేరాలి, వాళ్ల సంతకం లేనిదే దాఖలు చేయకూడదు.