వాట్ల వేలంపాట

విద్యుత్ సైకిళ్ళను గురించి ఎవరిని అడిగినా ఒకే సలహా వినిపిస్తున్నది: "కొండ దారులా? అయితే పెద్ద మోటారు కొనండి." 250 వాట్లు చాలవంటారు, 500 చాలవంటారు, చివరకు 1000 దగ్గర వేలంపాట ఆగుతుంది. ఎవరూ లెక్క మాత్రం వేయరు. ఆ పని ఇక్కడ చేద్దాం.

మనిషి, సైకిలు, మూటాముల్లె అన్నీ కలిపి 100 కిలోలు అనుకోండి. నూరు మీటర్ల దూరానికి ఎనిమిది మీటర్లు లేచే ఎక్కుడు. వేగం గంటకు 10 కిలోమీటర్లు. ఈ బరువును పైకెత్తడానికి సుమారు 220 వాట్లు, టైర్ల రాపిడికి మరొక 25, 30 వాట్లు కావాలి. మొత్తం ఇంచుమించు 250. ఓ మోస్తరు ఆరోగ్యవంతుడు పెడలు మీద 100 వాట్లు ఇవ్వగలడు. ఇక మోటారు వంతుకు మిగిలేది 150 వాట్లు. మరి 250 వాట్ల మోటార్లు ఘాట్ రోడ్డు మీద ఎందుకు చతికిలబడుతున్నాయి?

మోటారు ఉన్న చోటే అందుకు కారణం. చక్రం హబ్బులో కూర్చున్న మోటారు చక్రంతోపాటే తిరగాలి. దానికి గేర్లు మార్చుకునే వీలు లేదు. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర హాయిగా తిరిగేలా చుట్టిన మోటారును ఎక్కుడులో 7, 8 కిలోమీటర్లకు దించితే, బ్యాటరీ ఇచ్చిన కరెంటులో పెద్ద భాగం వేడిగా మారుతుంది. లోపలి నైలాను పళ్ళు మెత్తబడతాయి, తీగచుట్టలు మాడతాయి. అదే మోటారును పెడళ్ళ ఇరుసు దగ్గర బిగిస్తే, దాని బలం చైను గుండా, సైకిలుకున్న గేర్ల గుండా చక్రానికి చేరుతుంది. మీరు చిన్న గేరు వేస్తే మోటారుకూ చిన్న గేరే. సైకిలు మెల్లగా నడిచినా మోటారు తన వేగంతో తాను తిరుగుతుంది. కొండకు కావలసిన సూత్రం ఇంతే.

దీనిపై వచ్చే ఆక్షేపణలు తెలియనివి కావు. చైను, పళ్ళ చక్రాలు త్వరగా అరుగుతాయి, నిజమే. ధర ఎక్కువ, అదీ నిజమే. చదును నేలపై ఊళ్ళో తిరిగేవారికి హబ్బు మోటారే మేలు, నేనూ అదే చెబుతాను. కాని అరిగిన చైనును తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. మాడిన మోటారును ఘాటీ మధ్యలో ఏ మెకానిక్కు బాగుచేస్తాడు? ఒక షరతు మాత్రం ఉంది: వెనుక గేర్లు ఉండాలి, వాటిలో పెద్ద చక్రానికి కనీసం 32 పళ్ళు ఉండాలి. గేర్లు లేని సైకిలుకు ఈ కిట్టు బిగించడం వృథా.

రెండవ మాయ, "ఒక్క ఛార్జికి ఇన్ని కిలోమీటర్లు" అనే ప్రకటన. కొండవాడు లెక్కపెట్టవలసింది ఎత్తు. శృంగవరపుకోట మైదానం నుంచి అరకు లోయకు 800 మీటర్లకు పైగా ఎక్కాలి. మన 100 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 220 వాట్-గంటల శక్తి కావాలి. దారిలో నాలుగో వంతు నష్టపోతుందనుకుంటే బ్యాటరీ నుంచి 290 లాగాలి. 36 వోల్టుల 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో మొత్తం ఉన్నది 360. టైర్ల రాపిడి, గాలి, మధ్యలో వచ్చే చిన్న దిగుళ్ళూ ఎక్కుళ్ళూ ఇంకా లెక్కలోకి రానేలేదు. పెడలు తొక్కనని భీష్మించుకున్నవాడు నడిచి వెళ్ళవలసిందే.

మూడవది, "దిగేటప్పుడు బ్యాటరీ తిరిగి నిండుతుంది" అన్న మాట. లోపల ఫ్రీవీలు ఉన్న హబ్బు మోటార్లకు, పెడళ్ళ దగ్గరి మోటార్లకు మామూలుగా అది అసాధ్యం. పళ్ళు లేని బరువైన హబ్బు మోటారుకే ఆ వీలు, దానిలోనూ దక్కేది కొంతే. ఎక్కేటప్పుడు పోగుచేసుకున్న ఆ శక్తిలో చాలా భాగం దిగేటప్పుడు బ్రేకులలోనే కరగాలి. కనుక మంచి డిస్కు బ్రేకులకు చేసే ఖర్చును మోటారు ఖర్చులో భాగంగానే చూడండి. రాడ్ బ్రేకుల పాత సైకిలుకు మోటారు తగిలించి ఘాటీ దిగమని చెప్పేవాడు మీ శ్రేయోభిలాషి కాడు.

చట్టం సంగతీ ఒక మాట. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర, లేదా తొక్కడం మానగానే, దాని సాయం ఆగిపోతేనే అది సైకిలు. 1000 వాట్లు తగిలిస్తే రిజిస్ట్రేషను, లైసెన్సు తప్పించుకు తిరుగుతున్న మోటారు వాహనం అవుతుంది. రేపు ప్రమాదం జరిగితే దానిని అమ్మినవాడు మీ పక్కన నిలబడడు.

కొనబోయేవారు అంగడిలో మూడే ప్రశ్నలు అడగండి: మోటారు గేర్లను వాడుకుంటుందా? బ్యాటరీలో ఎన్ని వాట్-గంటలున్నాయి? బ్రేకులు ఏవి? జవాబుగా వాట్లు మాత్రమే చెబితే నమస్కారం పెట్టి బయటికి రండి. నా వాదన తప్పనుకునే మిత్రులకు స్వాగతం; వచ్చేటప్పుడు లెక్క తెచ్చుకోండి.