ఇక్రిశాట్‌కు బహిరంగ లేఖ: జొన్న మల్లెను విత్తనం ఒక్కటే ఆపలేదు

పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలకు, పాలకవర్గానికి,

జొన్న మల్లె గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. శాస్త్రవేత్తలు స్ట్రైగా అని పిలిచే ఈ పరాన్నజీవి కలుపు మీద మీ సంస్థ దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఈ లేఖకు కారణం వేరు. దీనికి తెలిసిన విరుగుళ్లు చాలానే ఉన్నా, అవన్నీ కలిసి పేద రైతు చేను దాకా చేరడం లేదు.

పూత మీదున్నప్పుడు ఈ మొక్క ముచ్చటగా ఉంటుంది. ఆఫ్రికాను పీడించే హెర్మోంథికా జాతికి గులాబీ, ఊదా కలిసిన పూలు. మన చేలల్లో ఎక్కువగా కనిపించేవి తెల్లపూల మొక్కలు. గింజ పొడవు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు. అరచేతిలో పోసుకుంటే ముక్కుపొడుమే అనిపిస్తుంది. ఒక్కో మొక్క వేలకు వేల గింజలు రాలుస్తుంది, అవి పదేళ్లకు పైగా మట్టిలో ప్రాణంతో ఉండగలవు. వాన తడి ఒక్కటే వాటిని లేపదు. దగ్గర్లో జొన్న, సజ్జ, మొక్కజొన్న లాంటి పైరు వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్లు అనే రసాయనాలు తగలాలి. మొలిచిన గింజ కొద్ది రోజుల్లో ఆ వేరును అందుకోకపోతే చచ్చిపోతుంది. అందుకుందా, పైరుకు చేరాల్సిన నీరు, పోషకాలు దాని పాలే. అది నేల పైకి తలెత్తడానికి వారాలు పడుతుంది. ఈలోగా నేలలో తడి ఉన్నా జొన్న ఆకులు వాడతాయి, మొక్క గిడసబారిపోతుంది. కలుపు కంటబడి పీకేనాటికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఇందులో అన్నిటికంటే బాధపెట్టే సంగతి మరొకటి. నేలలో భాస్వరం, నత్రజని తగ్గినకొద్దీ జొన్న వేరు ఆ రసాయనాలను మరింతగా వదులుతుంది. అది పిలిచేది భాస్వరం అందించే శిలీంధ్రాలను. ఆ పిలుపు అందుకుని జొన్న మల్లె కూడా వచ్చిపడుతుంది. అంటే ఎరువు కొనే స్తోమత లేని రైతు చేనే దానికి ఎక్కువగా చిక్కుతుంది.

డబ్బున్న దేశం దీన్ని ఎలా ఎదుర్కొందో చూడండి. అమెరికాలో జొన్న మల్లె 1956లో కరోలినా రాష్ట్రాల మొక్కజొన్న చేలల్లో బయటపడింది. మరుసటి ఏడాదే అది పాకకుండా ఆంక్షలు విధించారు. తర్వాతి కాలంలో నేలలోకి ఇథిలీన్ వాయువు ఎక్కించి, పైరు లేకుండానే గింజలు మొలిచి చచ్చేలా చేశారు. దశాబ్దాల ప్రభుత్వ ఖర్చుతో దాదాపు తుడిచిపెట్టారు. నైజర్‌లోనో, ఇథియోపియాలోనో రెండెకరాల రైతుకు అంత అండ ఎక్కడిది?

ఆ రైతుకు తగిన దారి కూడా ఉంది. ఇథియోపియాలో పుట్టి, ఒకప్పుడు మీ సంస్థ తరఫునే సూడాన్‌లో పనిచేసిన గెబిసా ఎజెటా, జొన్న మల్లెను తట్టుకునే జొన్న రకాలకు గాను 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ఆయన విత్తనంతో సరిపెట్టలేదు. ఎరువును, చేలో వాననీటిని నిలిపే పద్ధతినీ దానికి జోడించారు. కెన్యాలో పరిశోధకులు మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే మొక్కను వేయించారు. దాని వేర్లు జొన్న మల్లె గింజలను మొలిపించి, పైరును అంటకుండా అడ్డుకుంటాయి. నేలపైన పెరిగే భాగం పశువులకు మేత. భారతదేశపు జొన్న ఎన్-13లోని నిరోధకతను సూడాన్ రకాల్లోకి ఎక్కించి, ఆ కొత్త రకాలను అక్కడ 2012లో విడుదల చేశారు. మన నేల జొన్న అక్కడి చేలను కాపాడుతోందంటే గర్వంగా ఉంటుంది.

అయితే నిరోధక రకం ఒక్కదాన్నే ఏళ్ల తరబడి నమ్ముకోవడం ప్రమాదం. హెర్మోంథికాలో మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది. ఒక చోట నిలిచిన రకం మరో చోట లొంగిపోవచ్చు.

అందుకే మీకు విన్నపం. విత్తన సంచీతో పాటు కొద్దిపాటి ఎరువు, అంతరపంట విత్తనం, పూతకు ముందే కలుపు పీకాలన్న సూచన ఒకే కట్టగా రైతుకు అందేలా ప్రభుత్వాలను ఒప్పించండి. మీ జన్యుబ్యాంకులోని 40 వేలకు పైగా జొన్న నమూనాల్లో కొత్త నిరోధకత కోసం వెతుకులాట ఆపకండి. మీ చుట్టుపక్కల ఉన్న తెలంగాణ, రాయలసీమ మెట్ట రైతులకూ ఈ సమాచారం తెలుగులో, విత్తనం వేసే ముందే చేరేలా చూడండి.