కటాఫ్ లేదన్నారు, మీకు లెక్కలు రావనలేదు

తమ్ముడూ, చెల్లీ, ముందు ఒక లెక్క చెప్తా. చెయ్యండి.

ఒక అక్క జీన్స్ ప్యాంట్ల ఆర్డర్ ఒకటి ఒక్కతే కూర్చుంటే 12 రోజుల్లో కుట్టేస్తుంది. కొత్తగా నేర్చుకున్న చెల్లెలికి అదే ఆర్డర్‌కు 24 రోజులు పడుతుంది. ఇద్దరూ కలిసి కుడితే ఎన్ని రోజులు?

రాయదుర్గంలో పెరిగినోళ్లకు ఇది బతుకు లెక్క. మిషన్ చప్పుడు మన చెవులకు కొత్త కాదు. పీసుకు ఎంత, రోజుకు ఎన్ని పీసులు, శనివారం చేతికొచ్చేది ఎంత అని మన ఇళ్లలో ఆడోళ్లు కాగితం లేకుండా చెప్తారు. అదే లెక్కలో అక్కను 'ఏ' అనీ చెల్లెల్ని 'బి' అనీ మార్చి ఐసెట్ పేపర్లో పెడితే మాత్రం మన పిల్లలు పెన్ను కింద పెడతారు. "లెక్కలు మనకు రావులే అన్నా, ఏదో ఒకటి గుర్తుపెట్టి వద్దాం" అంటారు.

నాకు మీ మీద కోపం లేదు. ఈ మాటను మీ నోట్లో పెట్టినోళ్ల మీద ఉంది.

పది పాసైనాక నేను ఇంటర్‌లో లెక్కల గ్రూపు అడిగితే, "మీకు రిజర్వేషన్ ఉంది కదప్పా, ఎందుకు ఈ కష్టం, సీఈసీ తీసుకో" అన్నాడు ఒక సారు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమే మనల్ని ముంచింది. ఐసెట్‌తో ఎంసీఏలో చేరాలంటే ఇంటర్‌లోనో డిగ్రీలోనో లెక్కలు చదివి ఉండాలని ఎన్నో ఏళ్లు షరతు నడిచింది. అంటే 16 ఏళ్ల వయసులో ఒక సలహాతో మూసిన తలుపు 21 ఏళ్లప్పుడు కనపడుతుంది. మూసినోడు అప్పుడు అక్కడ ఉండడు.

ఇప్పుడు పరీక్ష సంగతి చూడండి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. అనలిటికల్ ఎబిలిటీ 75, మ్యాథమెటికల్ ఎబిలిటీ 55, కమ్యూనికేషన్ 70. మొదటి రెండూ కలిపితే 130, అంటే నూటికి 65 మార్కులు లెక్కా తర్కమే. ఆ రెండు భాగాల్లో ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. నెగెటివ్ మార్కులు లేవు. ఇంగ్లీషు అంటే భయపడే తండా పిల్లలకు ఈ పేపర్లో అన్నిటికన్నా అందుబాటులో ఉన్న భాగం లెక్కలే. మనం వదిలేసేది కూడా దాన్నే.

మిగతా వాళ్లకు 200కి 50 వస్తేనే ర్యాంకు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. దీన్ని మనోళ్లు కొందరు వరం అనుకుంటున్నారు, బయటోళ్లు కొందరు ఎగతాళి చేస్తున్నారు. ఇద్దరిదీ తప్పే. తరతరాలు బడి గడప తొక్కనీయని దానికి బదులుగా వచ్చిన హక్కు అది. సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ కటాఫ్ లేకపోతే ర్యాంకు వస్తుంది గానీ, కోరుకున్న సీటు వస్తుందని ఎవరు చెప్పారు? ఎస్టీ సీట్లు కూడా ర్యాంకు వరసలోనే నింపుతారు. అనంతపురం ఎస్కేయూ లాంటి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్నవి కొన్ని సీట్లే.

అది ఎందుకు ముఖ్యమో 2020 డిసెంబర్‌లో తెలిసొచ్చింది. జీవో 77 వచ్చి ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా పీజీ చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. ఆ జీవో మనకు నేర్పిన పాఠం ఒకటే. క్యాంపస్ సీటు దాకా పోయే ర్యాంకు లేనోడి చదువు, ఏదో ఒక రోజు ఎవరో పెట్టే సంతకం మీద వేలాడుతుంది.

ఐసెట్‌లో డేటా సఫిషియెన్సీ అని 20 ప్రశ్నలుంటాయి. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా లేదా చెప్పాలి. నేనొకటి అడుగుతా. ప్రశ్న: తండా పాప పీజీ పూర్తి చేస్తుందా? ఒకటో వాక్యం: రిజర్వేషన్ ఉంది. రెండో వాక్యం: కటాఫ్ లేదు. జవాబు: రెండూ కలిపినా సరిపోదు.

"లెక్కలు మన రక్తంలో లేవు" అనేవాళ్లకు రెండు మాటలు. రైళ్లు రాకముందు ఈ దక్కను పీఠభూమి మీద ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద మోసింది లంబాడీలు. లదేణి అంటే అదే. ఎన్ని ఎద్దులు, ఒక్కో ఎద్దుకు ఎంత బరువు, నీళ్లున్న మజిలీ ఎంత దూరం, ఏ సంతలో ఏ ధర? ఈ లెక్క తప్పితే దారిలోనే పశువులు పోతాయి. లెక్కరానోళ్లు చేసిన వ్యాపారమా అది?

అంత దూరం ఎందుకు, మా అవ్వను అడగండి. సంతకానికి వేలిముద్ర వేసే మనిషి. శెనక్కాయ విత్తనానికి 20 వేలు అప్పు, నూటికి మూడు రూపాయలు. "నెలకు 600, ఏడాదికి 7,200" అని ఊపిరి తీసుకోకుండా చెప్తుంది. పరీక్షలో దాని పేరు 36 శాతం బారువడ్డీ. వాన రాలేదు, కట్టలేకపోయాం, వడ్డీ అసలులో కలిసి 27,200 అయింది. రెండో ఏడు దాని మీద 9,792. మొత్తం 36,992. మొదటి ఏడాది కన్నా అదనంగా పడిన 2,592 వడ్డీ మీద వడ్డీ. దాన్ని పేపర్లో చక్రవడ్డీ అంటారు. మనం దాని కింద నలిగాం, మనకు దాని సూత్రం రాదా?

"ఉద్యమం చేసేటోళ్లకు ఎంబీఏ ఎందుకన్నా" అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2013 సబ్‌ప్లాన్ చట్టం మన జనాభా నిష్పత్తిలో నిధులు ఇవ్వాలంటుంది. 2011 జనాభా లెక్కల్లో నేటి ఆంధ్రప్రదేశ్‌లో మనం సుమారు 5.5 శాతం. కేటాయించింది ఎంత, ఖర్చు పెట్టింది ఎంత, మిగిలింది ఎటు పోయింది? ఇది నిష్పత్తి, శాతాల అధ్యాయం. ఆ బడ్జెట్ కాగితం చదవలేని ఉద్యమం, ఆఫీసరు చెప్పిన అంకె విని ఇంటికొస్తుంది.

కూలి 500 ఉంటే 20 శాతం కోశారు, 400 అయింది. ధర్నా చేస్తే 20 శాతం పెంచామన్నారు. చప్పట్లు కొట్టే ముందు లెక్క చెయ్యండి: 480. తీసింది 500 మీద, ఇచ్చింది 400 మీద. 20 రూపాయలు ఎవరి జేబులో ఉన్నాయి?

సర్కారును అడగాల్సింది అడుగుదాం. మన అనంతపురం షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఐటీడీఏ ఆఫీసు మెట్లు మనకు లేవు. అందుకే ఇక్కడి గిరిజన హాస్టళ్లకు లెక్కల టీచర్లు కావాలి. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకు ఉచిత ఐసెట్ కోచింగ్ రాయదుర్గంలోనే కావాలి, తెలుగులో కావాలి. పది పాసైన పిల్లకు గ్రూపు తానే ఎంచుకునే హక్కు కావాలి.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మొదటి లెక్కకే పోదాం. 12కూ 24కూ కసాగు 24. ఆర్డర్‌లో 24 ప్యాంట్లు అనుకోండి. అక్క రోజుకు 2, చెల్లెలు 1, ఇద్దరూ కలిసి 3. 24ను 3తో భాగిస్తే 8 రోజులు. సూత్రం బట్టీ పట్టలేదు, మిషన్ ముందు కూర్చున్నట్టు ఆలోచించాం, అంతే. 45 సెకన్లు కూడా పట్టదు.

ఈ రాత్రి కరెంటు ఉన్నా లేకపోయినా, మీ తండాలో ఒక పాపకు ఈ లెక్క చెప్పండి. రేపు ఇంకోటి. ఇంటర్‌లో చేరే పిల్ల ఉంటే గ్రూపు రాయకముందే పోయి మాట్లాడండి.

కటాఫ్ మనకు లేదు. మన ఆశకూ ఉండకూడదు.

జై సేవాలాల్! జై ఆదివాసీ! జై భీమ్!